ఢిల్లీకి కాంప్‌బెల్ బే ఎంత దూరం?

రాజధానిలో ఏ ఊరి దూరాన్నయినా కొలవడానికి రెండు పద్ధతులున్నవి. పటం మీద కొలబద్ద పెట్టి చూడడం ఒకటి. ఆ ఊరినుంచి బయలుదేరిన అర్జీ సంబంధిత అధికారి బల్లమీదికి చేరడానికి పట్టే కాలాన్ని లెక్కించడం రెండవది. మొదటి పద్ధతిలో గ్రేట్ నికోబార్ ద్వీపంలోని కాంప్‌బెల్ బే ఢిల్లీకి ఇంచుమించు 3,000 కిలోమీటర్లు. రెండవ పద్ధతిలో ఎంత దూరమో లెక్క తేల్చడం అంత సులభం కాదు. ఆ దూరం అర్జీ ఎవరిదన్న దానిని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అందుకే ఈ వారం ఈ విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాను.

ముందుగా కొలబద్ద సంగతి చూద్దాం. పాఠశాల పటాలలో అండమాన్ నికోబార్ దీవులను బంగాళాఖాతం మూలన ఒక చిన్న పెట్టెలో గీసి వదలివేయడం మనకు అలవాటు. ఆ పెట్టె మూలంగా ఆ దీవులు ఎక్కడున్నవో చాలామందికి సరిగా తెలియదు. విమానాలు పోయే దారి తెలియాలంటే చదును పటం కంటె గోళం మేలు. గోళం మీద దారం బిగించి పట్టి చూస్తే నాకు తేలిన సంగతులు కొన్ని పాఠకులకూ వింతగానే తోచవచ్చు. ఢిల్లీనుంచి తిరువనంతపురానికి 2,200 కిలోమీటర్లు పైచిలుకు. కాంప్‌బెల్ బే అంతకంటె మరి 700 కిలోమీటర్లు దూరం. థాయిలాండు రాజధాని బ్యాంకాక్ ఢిల్లీకి కాంప్‌బెల్ బే కంటె కొంచెం దగ్గర! అంతేకాదు. కాంప్‌బెల్ బేనుంచి తమ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 530 కిలోమీటర్లు కాగా, థాయిలాండులోని ఫుకెట్‌కు 500 మాత్రమే. ఇండొనీషియాలోని బందా అచే నగరం ఇంకా దగ్గర, 220 పైచిలుకు. మన విశాఖపట్నం సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. విశాఖనుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన 1,350 కిలోమీటర్లు దాటుతుంది. విశాఖనుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,220. అంటే మన రేవుపట్టణానికి దేశ రాజధాని కంటె ఆ దీవుల రాజధానే సమీపం.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు. కొత్త పేరు నాలుకకు అలవాటు పడేదాకా పాత పేరే వాడుతున్నందుకు పాఠకులు మన్నించాలి. ఢిల్లీనుంచి అక్కడికి నేరుగా పోయే విమానం మూడున్నర గంటలలో దింపుతుంది. 2023 జూలైలో 710 కోట్ల రూపాయల వ్యయంతో కట్టిన కొత్త టెర్మినల్ భవనాన్ని ప్రారంభించారు. ఏడాదికి 50 లక్షలమంది ప్రయాణికులకు సరిపోతుందట. గవ్వ ఆకారంలో కట్టిన ఆ భవనంలో దిగిన ఉత్తర దేశపు విహారయాత్రికుడు, అండమాన్ ఎంత దగ్గరైందో గదా అని సంతోషిస్తాడు. అతని సంతోషాన్ని కాదనవలసిన పనిలేదు. కాని అతను చూసినది సగం దారి మాత్రమే. పోర్ట్ బ్లెయిర్ దాటి దక్షిణానికి సాగవలసిన ప్రయాణికుడి పని అక్కడినుంచి మొదలవుతుంది.

కాంప్‌బెల్ బేకు టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా ఎక్కదగిన నిత్య విమాన సర్వీసు లేదు. రన్‌వే మాత్రం ఉన్నది. అది నౌకాదళానిది. 2012 జూలైలో ఐ.ఎన్.ఎస్. బాజ్ అనే పేరుతో ప్రారంభించిన స్థావరానికి చెందిన ఆ రన్‌వే నిడివి సుమారు 3,500 అడుగులు. పౌరులకు మిగిలినవి రెండు మార్గాలు. పదిమందికి అటూ ఇటూగా పట్టే హెలికాప్టరు ఒకటి. సీటు దొరికితే అదృష్టం. రెండవది ఓడ. కార్ నికోబార్, కమోర్టా రేవులలో ఆగుతూ వెళ్ళే ఓడ రెండు రోజులు పట్టినా ఆశ్చర్యపడనక్కరలేదు. సముద్రం బాగా లేనినాడు ఎన్నాళ్ళు పట్టేదీ చెప్పలేము. మూడున్నర గంటలలో 2,480 కిలోమీటర్లు దాటి వచ్చినవాడు తక్కిన 530 కిలోమీటర్లకు రెండు రోజులు ఖర్చుపెట్టవలసి రావడం, మన రవాణా విధానంలో ఎవరి సమయానికి విలువ ఉన్నదో స్పష్టంగా చెబుతున్నది.

ఇది సౌకర్యానికి సంబంధించిన విషయమనుకుంటే పొరపాటు. కాంప్‌బెల్ బేలో పెద్ద జబ్బు చేసినవాడిని, కాన్పు కష్టమైన స్త్రీని పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆస్పత్రికి చేర్చవలసి వస్తుంది. ఆ రోజున వాతావరణం అనుకూలించాలి, హెలికాప్టరు ఖాళీగా ఉండాలి, వైద్యుడి సిఫారసు సకాలంలో అందాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా రోగి ఓడకోసం ఎదురుచూడాలి. 2020 ఆగస్టులో చెన్నైనుంచి ఈ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సముద్రగర్భంలో తంతి వేసి గ్రేట్ నికోబార్‌కు కూడా కలిపారు. ఇది మంచిపనే. ఇప్పుడు జబ్బు చేసిన వార్త క్షణంలో ఢిల్లీ చేరుతుంది. జబ్బు చేసిన మనిషి పోర్ట్ బ్లెయిర్ చేరడం మాత్రం వెనకటిలాగే ఉన్నది.

ఒక ముచ్చట చెప్పి ముందుకు వెళతాను. ఈ దేశానికంతటికీ గడియారం ఒక్కటే గదా. ఢిల్లీకీ కాంప్‌బెల్ బేకూ నడుమ రేఖాంశాలలో దాదాపు 17 డిగ్రీల తేడా ఉన్నది. అంటే సూర్యుడు అక్కడ నడినెత్తికి వచ్చిన గంట పైన ఏడెనిమిది నిమిషాలకు గాని ఢిల్లీలో నడినెత్తికి రాడు. ఢిల్లీ అధికారి మధ్యాహ్న భోజనం ముగించి కుర్చీలో కూర్చునేసరికి అక్కడ నీడలు సాగుతూ ఉంటవి. సాయంకాలం అయిదింటికి ఇక్కడ ఒక ఆజ్ఞ మీద సంతకం పడితే, అది చదువుకోవడానికి అక్కడ దీపం వెలిగించుకునే వేళ అవుతుంది. దీనికి ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. భూగోళం గుండ్రంగా ఉన్నందువల్ల వచ్చిన చిక్కు అది.

అయితే భూగోళం మీద నెపం వేయడానికి వీలులేని సందర్భాలూ ఉన్నవి. 2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా పక్కన సముద్రగర్భం కదిలింది. కొద్ది నిమిషాలలోనే గ్రేట్ నికోబార్ మీద నీళ్ళు విరుచుకు పడినవి. ద్వీపం దక్షిణ కొస నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. ఇందిరాగాంధీ పేరు పెట్టిన ఆ కొసన ఉన్న దీపస్తంభం నీటిలో నిలబడవలసి వచ్చింది. కార్ నికోబార్‌లోని వైమానిక స్థావరం కొట్టుకుపోయి నూరుమందికి పైగా సిబ్బంది, వారి కుటుంబీకులు మరణించారు. స్థావరం మునిగిపోతున్నదన్న వార్త చెన్నై తీరానికి అల చేరకముందే ప్రధాన భూభాగంలోని వైమానికదళానికి అందింది. ఆ వార్త తీరంలో వలలు సర్దుకుంటున్న బెస్తవారి దాకా మాత్రం రాలేదు. కార్ నికోబార్ మునిగిన తరువాత మన తూర్పు తీరానికి గంటకు పైగా వ్యవధి ఉన్నది. ఆంధ్ర తీరంలో నూరుమంది పైచిలుకు, తమిళనాడులో వేలాదిమంది ప్రాణాలు పోయినవి.

ఆనాడు కొరవడినది దూరాన్ని దాటే సాధనం కాదు. వార్త వచ్చింది. వచ్చిన వార్త ఎవరికి చెప్పాలో, ఎవరు చెప్పాలో తెలియలేదు. ఆ లోటును కొంతవరకు సవరించడానికి 2007లో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రంలో సునామీ ముందస్తు హెచ్చరిక వ్యవస్థను నెలకొల్పారు. సముద్రం కనబడని హైదరాబాదునుంచి హిందూ మహాసముద్రమంతటికీ హెచ్చరికలు వెళుతున్నవి. ఇది మన తెలుగువారు గర్వించదగిన విషయమే. నికోబార్ వారు తమ ప్రాణాలు బలిపెట్టి మనకు తెచ్చిపెట్టిన వ్యవస్థ అని గుర్తుంచుకోవడం కూడా అవసరం.

ఇక ఆకాశమార్గం అన్నంతనే అంతా సునాయాసమని కూడా అనుకోరాదు. 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరంనుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానికదళం వారి ఏ.ఎన్.-32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద అదృశ్యమైపోయింది. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసే పౌర ఉద్యోగులు. ఎన్ని ఓడలు, ఎన్ని విమానాలు గాలించినా జాడ దొరకలేదు. ఏడున్నర సంవత్సరాల తరువాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 300 కిలోమీటర్లు పైబడిన దూరాన, 3,400 మీటర్ల లోతున ఆ విమాన శకలాలు కనబడినట్లు ప్రకటించారు. ఆ ఎనిమిది కుటుంబాలకు విశాఖకూ పోర్ట్ బ్లెయిర్‌కూ నడుమ ఉన్న దూరం ఎంతో మన గోళమూ దారమూ చెప్పలేవు.

ఇంత దూరాన ఉన్న ద్వీపం మీద గత కొన్ని సంవత్సరాలుగా ఢిల్లీకి హఠాత్తుగా మక్కువ పెరిగింది. నీతి ఆయోగ్ చొరవతో తయారైన గ్రేట్ నికోబార్ సమగ్రాభివృద్ధి పథకం మొదటి అంచనా 72,000 కోట్ల రూపాయలు. గలతియా అఖాతంలో పెద్ద కంటెయినర్ల రేవు, అంతర్జాతీయ విమానాశ్రయం, గ్యాసు, సౌరశక్తులతో నడిచే విద్యుత్కేంద్రం, వాటికి తోడు ఒక కొత్త పట్టణం అందులో భాగాలు. సుమారు 910 చదరపు కిలోమీటర్ల ద్వీపంలో ఇందుకు 166 చదరపు కిలోమీటర్లు కావాలి. అందులో సగానికి పైగా, 84 చదరపు కిలోమీటర్లు, ఆదివాసుల కోసం ప్రత్యేకించిన భూమి. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. పథకానికి వీలుగా గలతియా అఖాతంలోని అభయారణ్యాన్ని 2021 జనవరిలోనే రద్దు చేశారు. తోలువీపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం అది. వాటికి సమన్లు అందజేసే ఏర్పాటు మన చట్టంలో లేదు.

ఢిల్లీకి కాంప్‌బెల్ బే ఎందుకు ఇంత దగ్గరైంది? దానికి సమాధానం కూడా దూరాల లెక్కలోనే ఉన్నది. మలక్కా జలసంధినుంచి పశ్చిమానికి సాగే ప్రధాన నౌకామార్గం ఈ ద్వీపానికి సుమారు 40 నాటికల్ మైళ్ళు, అంటే 75 కిలోమీటర్లు మాత్రమే. ప్రపంచ వాణిజ్యంలో పెద్ద భాగం ఆ దారిన పోతున్నది. చైనాకు చమురు వెళ్ళే దారి అదే. దేశ రక్షణ గురించి ఆలోచించేవారు ఆ 75 కిలోమీటర్లను చూస్తున్నారు. వ్యాపారం గురించి ఆలోచించేవారు కొలంబో, సింగపూర్, క్లాంగ్ రేవులలో మన సరకు ఓడలు మారుతూ అక్కడివారికి రుసుములు చెల్లిస్తున్న సంగతి చూస్తున్నారు. ఈ వాదాలు తీసిపారవేయదగినవి కావు. ఆ ద్వీపం మీద నౌకాదళం కన్ను ఉండవలసినదే. రన్‌వే మరికొంత పొడవు కావాలని సైనికాధికారులు కోరితే, కాదనడానికి ఢిల్లీలో కూర్చున్న నాబోటి పత్రికా రచయితకు అర్హత లేదు.

అయితే ఒక ప్రశ్న మిగిలిపోతున్నది. రక్షణకు కావలసినది నౌకలకు లంగరు, విమానాలకు రన్‌వే. లక్షలమంది కాపురముండే పట్టణం రక్షణకు ఎట్లా అవసరమవుతుందో ఇంతవరకు ఎవరూ తృప్తికరంగా వివరించలేదు. ద్వీపంలో ఈనాడున్న జనాభా సుమారు 8,000. పథకం పూర్తి అయ్యేనాటికి అది మూడున్నర లక్షలు కాగలదని పథకకర్తల అంచనా. యావత్తు అండమాన్ నికోబార్ జనాభా 2011 లెక్కల ప్రకారం 3.8 లక్షలు. పోతే, ఓడలు మారే సరకు సంగతి. కేరళలోని విళింజం రేవును 2025 మేలో జాతికి అంకితం చేశారు. అది కూడా అదే అంతర్జాతీయ నౌకామార్గానికి చేరువలో, ఇటు ప్రధాన భూభాగంలో, రైళ్ళకూ రోడ్లకూ అందుబాటులో ఉన్నది. దానికి పోటీగా 1,600 కిలోమీటర్ల సముద్రం అవతల మరొక రేవు లాభసాటి ఎట్లా అవుతుందో ఆర్థికవేత్తలు చెప్పాలి.

విమానాశ్రయం విషయం మరీ ఆలోచింపజేసేది. రద్దీ వేళలో గంటకు 4,000 మంది ప్రయాణికులకు సరిపోయేటట్లు దానిని తలపెట్టారు. మొత్తం ద్వీపవాసులందరూ ఇల్లూ వాకిలీ వదలి ఒక్కసారి బయలుదేరినా, రెండు గంటలలో విమానాశ్రయం ఖాళీ అయిపోతుంది! దశాబ్దాలుగా వారు కోరుతున్నది పోర్ట్ బ్లెయిర్‌కు వారానికి కొన్నిసార్లయినా నమ్మకంగా నడిచే చిన్న విమానం. ఉడాన్ పథకం మొదలైననాటినుంచి నౌకాదళ రన్‌వే మీద పౌర విమానాలు దింపే మాట వినబడుతూనే ఉన్నది. ఇరవై మంది పట్టే విమానం ఇవ్వడానికి వీలుపడలేదు గాని, గంటకు నాలుగువేల మందికి విమానాశ్రయం ఇవ్వడానికి వీలుపడింది. చిన్న కోరిక కోరేవాడికి ఢిల్లీ చాలా దూరం.

ఆ విమానాశ్రయానికి భూమి ఇవ్వవలసినవారు ఎవరు? గాంధీనగర్, శాస్త్రినగర్ అనే గ్రామాల వారు. ఈ పేర్లు వింటేనే తెలుస్తున్నది, అవి ప్రభుత్వం కట్టించిన ఊళ్ళు. సరిహద్దు ద్వీపాన్ని నిర్మానుష్యంగా వదలరాదన్న ఉద్దేశంతో 1969నుంచి మాజీ సైనికుల కుటుంబాలను, మొత్తం 330 కుటుంబాలను, అక్కడికి తీసుకువెళ్ళి భూములిచ్చారు. పంజాబ్, మహారాష్ట్ర, తమిళనాడులతో పాటు ఆంధ్రప్రదేశ్‌నుంచి వెళ్ళినవారు కూడా వారిలో ఉన్నారు. దేశానికి అవసరమని చెబితే వెళ్ళి, అడవి నరికి, పొలం చేసి, కొబ్బరి పెంచి, సునామీకి ఉన్నదంతా పోగొట్టుకుని, మళ్ళీ నిలదొక్కుకున్నవారు. వారి బిడ్డలకు ఇప్పుడు మరొకసారి, దేశానికి అవసరం, లేవండి అని చెప్పవలసి వస్తున్నది. ఆ దీవులలో మన భాష మాట్లాడేవారు తక్కువేమీ కాదు. 2011 లెక్కలలో నూటికి పదముగ్గురు తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. ఉత్తరాంధ్ర జిల్లాలనుంచి కూలికి, చేపల వేటకు వెళ్ళి స్థిరపడినవారి సంతానమే వారిలో హెచ్చు. అయినప్పటికీ మన రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులలో ఈ విషయాన్ని సొంతం చేసుకుని సభలో పట్టుపట్టినవారు నా ఎరుకలో లేరు.

నికోబారీల గోడు వేరు. సునామీకి పూర్వం వారు ద్వీపం పడమటి, దక్షిణ తీరాలలో తమ ఊళ్ళలో ఉండేవారు. ప్రాణాలతో మిగిలినవారిని కాంప్‌బెల్ బే సమీపంలోని రాజీవ్ నగర్, న్యూ చింగెన్ శిబిరాలకు తరలించారు. తాత్కాలికం అన్నారు. ఇరవై ఏళ్ళు గడచినవి. పూర్వపు ఊళ్ళకు తిరిగి వెళతామని వారు అడుగుతూనే ఉన్నారు. 2022 ఆగస్టులో వారి ఆదివాసి మండలినుంచి పథకానికి నిరభ్యంతర పత్రం తీసుకున్నారు. తమ పూర్వపు గ్రామాలు కూడా పథకంలో కలిసి ఉన్నవని తెలిసిన తరువాత, అదే సంవత్సరం నవంబరులో మండలి ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నది. ఇచ్చిన పత్రం ఢిల్లీకి వేగంగా చేరింది. వెనక్కు తీసుకుంటున్నామన్న లేఖ కూడా చేరే ఉంటుంది. కాని దాని ప్రభావం ఏ ఫైలులోనూ కనబడడం లేదు.

షోంపెన్‌ల విషయం చెప్పనే అక్కరలేదు. 2011 లెక్కలలో వారు 229 మంది. అడవిలో వేటాడి, దుంపలు తవ్వుకుని, బయటివారికి చాలావరకు దూరంగా బ్రతికే జనం. వారి అభిప్రాయం తెలుసుకోవడానికి వారి భాష తెలిసినవారు అధికారులలో ఎందరున్నారు? మన జలుబే వారికి మారకం కావచ్చునని వైద్యం తెలిసినవారు అంటారు. మూడున్నర లక్షలమంది పొరుగువారు వచ్చిపడితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద నివేదికలు అవసరం లేదు.

ఈ కథలో నన్ను అన్నిటికంటె విస్తుపోయేటట్లు చేసినది చెట్ల ప్రయాణం. పథకం కోసం 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్ళిస్తున్నారు. నరకవలసిన చెట్లు 9.64 లక్షలని 2023లో పార్లమెంటుకు తెలిపారు. అడవి పోయినచోట దానికి బదులు మరొకచోట అడవి పెంచాలని చట్టం. గ్రేట్ నికోబార్ అడవికి బదులు అడవి పెంచడానికి ఎంచుకున్న చోటు హర్యానా! ఏడాదిలో ఎనిమిది నెలలు వానపడి, పట్టపగలే చీకటిగా ఉండే భూమధ్యరేఖ సమీపపు అరణ్యానికి, ఆరావళీ పర్వతాల దగ్గరి మెట్టభూములలో నాటే మొక్కలు ప్రత్యామ్నాయమట. ఢిల్లీనుంచి కారులో సాయంకాలానికి తిరిగి రాగల దూరంలో ఆ తోటలు చూసుకోవచ్చు. ద్వీపంలో పోయిన అడవిని 3,000 కిలోమీటర్ల అవతల రాజధాని పొలిమేరలో లెక్క సరిచేసుకోవడానికి ఏ ఓడా, ఏ విమానమూ అవసరం కాలేదు. కాగితం మీద అంత దూరాన్ని అంత తేలికగా దాటించిన పరిపాలన, కాన్పుకు పోవలసిన స్త్రీని 530 కిలోమీటర్లు దాటించలేకపోతున్నది.

న్యాయస్థానాల దూరం సంగతి కూడా ఒక మాట చెప్పాలి. అండమాన్ నికోబార్‌కు హైకోర్టు కలకత్తాలో ఉన్నది. పోర్ట్ బ్లెయిర్‌లో దాని సర్క్యూట్ బెంచి ఉన్నది. 2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పథకం అనుమతులలో జోక్యం చేసుకోవడానికి నిరాకరిస్తూ, కొన్ని అంశాలను తిరిగి పరిశీలించడానికి ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించింది. దానికి నాయకత్వం వహించినది అనుమతి ఇచ్చిన పర్యావరణ శాఖ కార్యదర్శే. రక్షణ ప్రయోజనాల పేరిట ఆ పరిశీలన వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడిగినవారికి ఇవ్వలేదు. రేవు వ్యాపారానిది, పట్టణం వ్యాపారానిది. రహస్యం మాత్రం రక్షణది.

ఆ దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఒక్క సభ్యుడు. 1967కు పూర్వం ఆ ఒక్కరిని కూడా ఎన్నుకునే హక్కు అక్కడివారికి లేదు. రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. పరిపాలన కేంద్ర హోంశాఖ అజమాయిషీలో లెఫ్టినెంట్ గవర్నర్ చేతిలో ఉన్నది. కాబట్టి కాంప్‌బెల్ బే పౌరుడికి గ్రామ పంచాయతీ, జిల్లా పరిషత్తు దాటితే తరువాతి మెట్టు ఢిల్లీయే. నడుమ ముఖ్యమంత్రి లేడు, శాసనసభ్యుడు లేడు, ధర్నా చేయడానికి ఒక రాష్ట్ర సచివాలయం లేదు. ఢిల్లీ పత్రికలలో ఈ వ్యవహారం భద్రతా నిపుణులకూ పర్యావరణవాదులకూ నడుమ వాగ్వాదంగా సాగిపోతున్నది. దూరపు కొండలు నునుపు అన్నట్లు, ఒకరికి అది కదలని విమానవాహక నౌక, మరొకరికి మానవుడు అడుగుపెట్టని నందనవనం. అక్కడ ఉన్న 8,000 మంది రెంటికీ అడ్డమే.

నా అభిప్రాయం దాచుకోనవసరం లేదు. కాంప్‌బెల్ బేకు విమానం కావాలి. ఈ ఏడే కావాలి. ఉన్న రన్‌వే మీద, నౌకాదళం అనుమతితో, వారానికి మూడు రోజులు చిన్న విమానం నడపడానికి అయ్యే నష్టాన్ని కేంద్రం భరించాలి. ఇందుకు చెట్టు నరకనక్కరలేదు, ఎవరినీ లేవదీయనక్కరలేదు. హెలికాప్టరులో రోగికి సీటు ఎవరి సిఫారసూ లేకుండా దొరకాలి. నికోబారీలను వారి పాత ఊళ్ళకు పోనివ్వాలి. మండలి ఉపసంహరించుకున్న పత్రాన్ని ఉపసంహరించుకున్నట్లుగానే గుర్తించాలి. రక్షణకు నిజంగా అవసరమైనది ఎంతో, వ్యాపారానికి అడుగుతున్నది ఎంతో విడదీసి, రెండు పద్దులుగా పార్లమెంటు ముందు పెట్టాలి. అప్పుడు రేవు గురించి, పట్టణం గురించి తీరికగా చర్చించుకోవచ్చు.

పార్లమెంటు స్థాయీసంఘాలు ఏటా దేశంలో పలుచోట్లకు పర్యటనలు జరుపుతుంటవి. హోంశాఖ వ్యవహారాల సంఘంవారో, పర్యావరణ సంఘంవారో ఒకసారి కాంప్‌బెల్ బేలోనే సమావేశమై, నికోబారీ పెద్దల మాట, మాజీ సైనికుల బిడ్డల మాట వినాలని నా సూచన. సభ్యులు పోర్ట్ బ్లెయిర్ దాకా విమానంలోనే వెళ్ళవచ్చు. అక్కడినుంచి మాత్రం ప్రత్యేక విమానం అడగకుండా, అక్కడి పౌరులు పోయినట్లే వెళ్ళాలి. హెలికాప్టరులో అందరికీ సీట్లు చాలవు. మిగిలినవారికి ఓడ ఉన్నది. కార్ నికోబార్, కమోర్టా చూసుకుంటూ రెండు రోజులలో చేరుకోవచ్చు, సముద్రం బాగుంటే.